లుక్ ఆఫ్టర్‌కి కొత్త బొమ్మ

స్కేలు జారకుండా ఎడమచేతి బొటనవేలితో అదిమిపట్టి ఆశీర్వాదం చార్టు మీద ఏడో గీత గీశాడు. పెన్సిలు మొన కాగితానికి ఆనీ ఆననట్టు నడవాలి. అక్షరాలు రాసి, రంగు ఆరాక రబ్బరుతో తుడిస్తే ఆ గీతలు అసలు అక్కడ లేనట్టే పోవాలి. అలా పోయే గీత గియ్యడం చేతికి రావడానికి అతనికి పదేళ్ళు పట్టింది. స్కేలు ఎత్తి, నోటితో ఊది, ఎనిమిదో గీతకి చుక్కలు పెట్టుకున్నాడు.

ఉదయం ఏడున్నర. రాజమండ్రిలో, చర్చి వెనక సందులో, రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదిలో నేల మీద చాప, చాప మీద చార్టు, చార్టు చుట్టూ పోస్టర్ కలర్ సీసాలు. గోడవారగా నవారు మంచం, మంచం మీద అతని భార్య సంపూర్ణమ్మ. ఏప్రిల్ ఎండ అప్పుడే గుమ్మం దాటి లోపలికి వచ్చేసింది.

ఈపాటికి అతని రోజులో సగం పని అయిపోయింది. నాలుగున్నరకి లేచి ఆమెను పక్కకి తిప్పి కింద గుడ్డ మార్చడం, తడిగుడ్డతో ఒళ్ళు తుడవడం, వీపు ఒరుసుకుపోకుండా పౌడరు అద్దడం, తల దువ్వి ముడి వెయ్యడం, తరువాత రాగిజావ. గిన్నెడు జావకి ఇరవై రెండు చెంచాలు. ఈ లెక్క ఎప్పుడు మొదలైందో అతనికి గుర్తులేదు. మొదట్లో ఒక్కో చెంచాకీ ఏదో ఒక కబురు చెప్పేవాడు. సందులో కుళాయి రాలేదనో, ఎదురింటివాళ్ళ కుక్క ఈనిందనో. జవాబు రాకపోతే తనే చెప్పుకునేవాడు. తరువాత కబుర్లు అయిపోయి లెక్క ఒక్కటే మిగిలింది. ఇరవై రెండు అవగానే మూతి తుడిచి లేచిపోతాడు.

పోయిన ఆగస్టులో జరిగింది ఇది. సంపూర్ణమ్మ ఒక బడిలో ఆయాగా పనిచేసేది. సాయంత్రం బడి నుంచి వచ్చి, బియ్యం చేటలో పోసుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. "మాట మళ్ళీ వచ్చినా రావచ్చండి. వస్తువులు చూపించి పేర్లు అడుగుతూ ఉండండి. బొమ్మలైనా పర్వాలేదు" అన్నాడు డాక్టరు. బొమ్మలకేం కొదవ! ఆ ఇంట్లో బొమ్మలు తప్ప ఇంకేమున్నాయి గనక. ఎనిమిది నెలలుగా ఆశీర్వాదం రోజూ చూపిస్తున్నాడు, రోజూ అడుగుతున్నాడు. ఒక్క మాట. అది ఏ మాటైనా సరే, తప్పుమాటైనా సరే. పిల్లాజెల్లా లేని మనిషి, ఇల్లూ వాకిలీ అక్కర్లేని మనిషి, ఆ ఒక్కదానికోసం తప్ప ఇంక దేనికోసమూ ప్రార్థన చెయ్యడం లేదు.

ఆశీర్వాదం చేసే పని ఒకటుంటుందని కూడా చాలామందికి తెలియదు. బి.ఇడి. చదివే ట్రైనీలకి అతను చార్టులు రాసిపెడతాడు. పంతుళ్ళు కాబోయేవాళ్ళు బొమ్మలు చూపించి పాఠం చెప్పాలని రూలు. ఆ రూలు పెట్టినవాళ్ళు వీళ్ళకి బొమ్మలు వెయ్యడం వచ్చో రాదో కనుక్కోలేదు. అందుకని ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడేసరికి కోటిపల్లి బస్టాండు వైపు బుజ్జిబాబు స్టేషనరీ కొట్టుకి ట్రైనీలు పరుగెత్తుకొస్తారు. బుజ్జిబాబు ఆశీర్వాదానికి కబురు పెడతాడు. గుండెకాయ, ఆకు అడ్డుకోత, అక్బరు రాజ్యం, ఇలాంటివి ఎవరైనా వేసేస్తారు. ఇంగ్లీషు మెథడాలజీ వాళ్ళు మాత్రం ఆశీర్వాదమే కావాలంటారు. కారణం ఫ్రేజల్ వెర్బులు.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన ఆశీర్వాదం ఇంగ్లీషులో ఒక్క వాక్యం సొంతంగా మాట్లాడలేడు. కానీ లుక్ అనే మాట పక్కన ఏ చిన్నమాట వచ్చి చేరితే బొమ్మ ఎలా మారిపోవాలో అతనికి తెలిసినంత ఆ కాలేజీ లెక్చరర్లకి కూడా తెలియదు. లుక్ ఎట్ అంటే చూడు. లుక్ ఫర్ అంటే వెతుకు. లుక్ ఇన్‌టు అంటే విచారించు. మనిషి అదే, కళ్ళూ అవే, పక్కన చిన్నమాట మారేసరికి చేసే పనే వేరైపోతుంది. ఇక గివ్ ఉంది. గివ్ అప్, గివ్ ఇన్ రెండూ ఒకటేనని సగంమంది ట్రైనీలు అనుకుంటారు. రెండింటికీ బొమ్మలు వెయ్యాల్సిన మనిషికి అలా అనుకునే సుఖం లేదు. గివ్ అప్‌కి ఒక్క మనిషి చాలు, చుట్ట పారేస్తే అయిపోతుంది. గివ్ ఇన్‌కి ఇద్దరుండాలి, ఒకరు నెగ్గాలి, రెండోవాడు లొంగాలి. ఇది అతనికి ఏ పుస్తకమూ చెప్పలేదు. ఖాళీ చార్టు ముందు పొద్దస్తమానం కూర్చుంటే తెలిసింది.

అసలు కష్టం ఇంకొకటి. ఇంగ్లీషు చార్టు మీద తెలుగు ముక్క కనిపిస్తే బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు మార్కులు కోసేస్తాడని ట్రైనీలకి భయం. కాబట్టి అర్థం రాయడానికి లేదు. బొమ్మ చూడగానే తెలుగు మాట పిల్లవాడి నోట్లోంచి దానంతటదే రావాలి. రాకపోతే బొమ్మ దండగ. వస్తుందో రాదో ముందే తెలుసుకోవడానికి ఆశీర్వాదానికి ఇంట్లోనే ఒక ఎక్స్‌టర్నల్ ఉండేది. సంపూర్ణమ్మకి ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. ఇరవయ్యేళ్ళపాటు అతను ప్రతి చార్టునీ పెన్సిలు గీతల దగ్గరే ఆపి, గోడకి తగిలించి, "ఏవే, ఇదేంటి?" అని పిలిచేవాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి చూసేది.

చుట్ట పారేస్తున్న మనిషి బొమ్మ చూసి, "పారేస్తన్నాడు గానీ రేపొద్దున్నే వెళ్ళి ఏరుకుంటాడు లెండి. మీలాంటోడే" అంది ఒకసారి. అతను అప్పటికి మూడుసార్లు చుట్ట మానేసి ఉన్నాడు. చుట్ట మీద చెప్పుకాలు వేసి నలుపుతున్నట్టు దిద్దాడు. అప్పుడు "మానేశాడు" అంది. అది ఒప్పు. లుక్ డౌన్ అపాన్, అంటే చిన్నచూపు చూడడం, ఆ బొమ్మకి మాత్రం ఆమె ఏమీ చెప్పలేదు. పట్టుచీర ఆవిడ మెట్టు మీద నిలబడి, కింద ఊడుస్తున్న మనిషిని చూస్తున్న బొమ్మ అది. ఒక్క నిమిషం చూసి, పొయ్యి మీద కూర మాడుతోందంటూ వెళ్ళిపోయింది. పొయ్యి మీద అప్పుడు కూరేమీ లేదు. అది కూడా ఒప్పేనని ఆశీర్వాదం రంగులు వేసేశాడు.

ఇప్పుడు పెన్సిలు దగ్గర ఆపడం లేదు. జవాబు రానిదానికి ఆపి ఏం చెయ్యాలి? రంగులు కూడా వేసేసి, కొట్టుకి తీసుకెళ్ళబోయేముందు ఒకసారి తగిలించి, ఇదేంటని అడిగి, మనసులో ఇరవై లెక్కపెట్టి, తీసి చుట్టేస్తాడు.

ఇవాళ్టి చార్టులు శ్రీసుధవి. కొవ్వూరు నుంచి రైల్లో వచ్చి చదువుకునే అమ్మాయి. రేపే ప్రాక్టికల్. నిన్న సాయంత్రం కొట్టు దగ్గర లుక్ బొమ్మలు అయిదు కావాలని చెప్పి, వెళ్ళబోతూ వెనక్కి వచ్చింది.

"అంకుల్, లుక్ ఆఫ్టర్‌కి తల్లీబిడ్డా బొమ్మ వద్దండి. మా బ్యాచ్‌లో నలుగురికి అదే ఉంది. ఎక్స్‌టర్నల్ గారికి అది చూసీ చూసీ విసుగొచ్చేసిందంట. కొత్తగా ఏదైనా వెయ్యండి, ప్లీజ్."

"ఆ నలుగురివీ నేనేసినవేనమ్మా."

"అందుకేనండి మీకే చెప్తన్నాను."

నిజమే. ఇరవయ్యేళ్ళుగా లుక్ ఆఫ్టర్ అంటే తల్లి, ఒళ్ళో బిడ్డ. దాన్ని కళ్ళు మూసుకుని కూడా వెయ్యగలడు. అందుకే మిగతా నాలుగూ ముందు వేసేసి దాన్ని చివరికి ఉంచుకున్నాడు.

పదకొండింటికల్లా నాలుగూ అయిపోయాయి. లుక్ ఫర్‌కి నేల మీద వంగి సూది వెతుకుతున్న మనిషి. లుక్ ఫార్వర్డ్ టు కి గుమ్మం పట్టుకుని దారికేసి చూస్తున్న మనిషి. ఈ రెండూ మొదట్లో అతన్ని చాలా ఏడిపించాయి. ఏది చూపించినా సంపూర్ణమ్మ "వెతుకుతోంది" అనేది. నాలుగుసార్లు చెరిపాక ఆమే విసుక్కుంది. "వెతికేదానికి నడుం వంగుతుందండి. ఎదురుచూసేదానికి నడుం వంగదు, మెడ ఒక్కటే ముందుకొస్తుంది. ఎప్పుడైనా ఒకళ్ళకోసం ఎదురుచూస్తే కదా మీకు తెలిసేది!" అప్పట్లో అతను తునిలో లారీలకి నంబర్లు రాసేవాడు. శనివారం రాత్రి బండికి వస్తానని చెప్పి, ఒక్కోవారం వచ్చేవాడు, ఒక్కోవారం వచ్చేవాడు కాదు. అతను రబ్బరు తీసుకుని బొమ్మ మెడ దిద్దాడు. తరువాత ఆ ఎండాకాలమే తుని మానేసి వచ్చేశాడు.

పన్నెండున్నరకి మెత్తగా కలిపిన చారన్నం. ముప్పయ్యొక్క చెంచాలు. ఒక పక్కనుంచి కొంచెం కారితే గుడ్డతో అద్దాడు. ఆమె కళ్ళు అతని మొహం మీదే ఉన్నాయి. ఎనిమిది నెలలుగా అలాగే ఉంటున్నాయి గనక అతనికి అలవాటైపోయింది. పక్కకి తిప్పి, దిండు సర్ది, విసనకర్ర ఆమె ఎడమచేతికి అందేటట్టు పెట్టి మళ్ళీ చాప మీదికి వచ్చాడు.

లుక్ ఆఫ్టర్. చూసుకోవడం. కొత్తగా ఏం వెయ్యాలి? తోటమాలి, మొక్కలు అనుకున్నాడు. పిల్లలు "నీళ్ళు పోస్తున్నాడు" అంటారు. కాపరి, గొర్రెలు. "మేపుతున్నాడు" అంటారు. పోలీసు, బ్యాంకు. "కాపలా" అంటారు. చూసుకోవడం అనే మాట చెప్పడానికి ఎంత తేలికో బొమ్మకి అంత చిక్కదు. అది ఒక పని కాదు, చాలా పనులు. ఏ ఒక్క పని వేసినా పిల్లలు ఆ పని పేరే చెబుతారు. ఆ పనులన్నిటి మధ్యా దొరికే చిన్న సందు కోసం అతను పెన్సిలు పట్టుకుని చాలాసేపు గోడకేసి చూశాడు. గోడ పక్కన మంచం కనిపించింది.

వెతకబోయింది ఇంట్లోనే ఉన్నట్టు తోచి వెంటనే గీసేశాడు. నవారు మంచం, మంచం మీద జబ్బుమనిషి, పక్కన స్టూలు మీద ఒక మగమనిషి. మగమనిషి ఒక చేతిలో గిన్నె, రెండో చేతిలో చెంచా. మంచం కింద నీళ్ళచెంబు, కిటికీలో మందుసీసా. ఆడమనిషికి సంపూర్ణమ్మ పోలికే వచ్చింది. అతని చార్టుల్లో ఏ ఆడమనిషికైనా ఆ పోలికే వస్తుంది, వేరే మొహం అతను నేర్చుకోలేదు. మగమనిషికి మాత్రం తన పోలిక రాకుండా మీసం పెట్టాడు.

రెండున్నరకి ఇంకు పెట్టి, మూడింటికి రంగులు ముగించి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. మూడుంబావుకి అయిదు చార్టులూ వరసగా గోడకి తగిలించాడు. నాలుగింటికల్లా కొట్టు దగ్గర ఉండాలి. శ్రీసుధ అయిదింటి పాసింజరుకి వెళ్ళిపోవాలి.

"ఇదేంటి?" అన్నాడు మొదటి బొమ్మ మీద స్కేలు పెట్టి. మనసులో ఇరవై లెక్కపెట్టాడు. రెండోది. ఇరవై. మూడోది. బయట సందులో ఐసు బండివాడు గంట కొట్టుకుంటూ పోయాడు. నాలుగోది. చివరికి లుక్ ఆఫ్టర్ మీద స్కేలు పెట్టి, "ఇదేంటి?" అని, పన్నెండుదాకా లెక్కపెట్టాడు.

"కా...దు."

స్కేలు గోడకి ఆనించినవాడు ఆనించినట్టే ఉండిపోయాడు. వెనక్కి తిరిగాడు. సంపూర్ణమ్మ తల దిండు మీదనుంచి కాస్త పైకి లేచింది. మెడనరాలు తేలాయి. ఎడమచెయ్యి గోడ మీది బొమ్మకేసి చాచి ఉంది.

"ఏమన్నావు?"

"కాదు" అంది మళ్ళీ. ఈసారి విరగకుండా వచ్చింది. గొంతు ఆమెదే. ఎండిపోయింది గానీ ఆమెదే.

సంతోషించాల్సిన సమయం ఇదేనని ఆశీర్వాదానికి తెలిసింది. ఎనిమిది నెలలుగా ఈ నిమిషం వస్తే ఏం చేస్తాడో అతను అనుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ మీద పడతాడనీ, ఏడుస్తాడనీ, సందులో అందరినీ పిలుస్తాడనీ. ఇప్పుడేమో ఒంట్లో ఎక్కడా ఏమీ కదలలేదు. మొద్దుబారిన కాలు మీద ఎవరో చెయ్యి వేసినట్టు, వేశారని తెలుస్తోంది గానీ తగలడం లేదు. అతను బొమ్మకేసి తిరిగి తప్పు ఎక్కడుందా అని చూశాడు. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. మంచం కోళ్ళు నాలుగూ ఉన్నాయి. గిన్నె వంకర లేదు.

"ఏది కాదే? మంచమా? మనిషా?"

ఆమె నోరు తెరిచింది. పెదవి కదిలింది. మాట రాలేదు. చెయ్యి అలాగే చాచి ఉంది.

గోడగడియారం మూడూ ఇరవై అయిదు చూపిస్తోంది. ఆమె కాదన్న బొమ్మని అతను ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా గడప దాటించలేదు. ఇప్పుడు దిద్దాలంటే రంగు వేసేశాడు, కొత్త చార్టు ఎత్తుకోవాలి. రేపొద్దున్న ఆ పిల్లకి పరీక్ష. అతను మేకుల మీదనుంచి చార్టులు ఒక్కొక్కటీ తీసి చుట్టాడు.

"సాయంత్రం వచ్చాక చెబుదువుగాని. గంటలో వచ్చేస్తాను" అన్నాడు.

సంపూర్ణమ్మ చెయ్యి మెల్లగా మంచం మీదికి దిగింది. కళ్ళు మూసుకుంది.

పక్కింటి సూరమ్మను కేకేశాడు. అతను బయటికి వెళ్ళినప్పుడల్లా వచ్చి కూర్చునేది ఆవిడే. "సూరమ్మా, మీ వదిన మాట్లాడింది. కాస్త చూస్తా ఉండు" అన్నాడు. నీళ్ళు వస్తున్నాయి బిందె పట్టుకో అన్నంత మామూలుగా అన్నాడు. సూరమ్మ నోటిమీద చెయ్యి వేసుకుని, "నిజంగానాండీ అన్నయ్యగారూ! స్తోత్రం! స్తోత్రం!" అంటూ లోపలికి పరుగెత్తింది. ఆ సంతోషం తనకి రావలసినదే, దారి తప్పి ఆవిడకి వెళ్ళిందనిపించింది అతనికి. చార్టుల చుట్టని సైకిలు హ్యాండిలుకి కట్టుకుని బయల్దేరాడు.

కొట్టు దగ్గర శ్రీసుధ చార్టులు బల్ల మీద పరిపించుకుని చూసింది. లుక్ ఆఫ్టర్ దగ్గర ఆగింది.

"ఇది చాలా బాగుందండీ అంకుల్. అసలెవరూ వెయ్యలేదు."

"ఇదేంటో తెలుస్తోందామ్మా?"

"అయ్యో, తెలియకపోవడమేంటండీ! చూసుకుంటున్నాడు. భార్య అనుకుంటాను కదండీ?"

ఆశీర్వాదం తల ఊపాడు. ఎక్స్‌టర్నల్ కూడా ఇలాగే అంటాడు. నూటికి తొంభై మంది ఇలాగే అంటారు. మరి కాదన్న ఆ ఒక్క మనిషికి ఏం కనిపించింది? కింద రిబ్బను అంటిస్తూ, ట్రైనీ పేరూ రోల్ నంబరూ రాస్తూ కూడా అతను ఆ బొమ్మనే చూస్తున్నాడు. శ్రీసుధ వెళ్ళిపోయాక బుజ్జిబాబుతో అన్నాడు.

"మా ఆవిడ ఇవాళ మాట్లాడిందండి."

బుజ్జిబాబు గల్లాపెట్టె మూసేసి లేచి నిలబడ్డాడు. "ఏవన్నారండీ?"

"కాదంది."

బుజ్జిబాబు పగలబడి నవ్వాడు. "ఎనిమిది నెలలు ఆగి, మొగుణ్ణి కాదనడానికే నోరు విప్పారన్నమాట! ఇంక మీకు ఢోకా లేదండీ ఆశీర్వాదంగారూ, ఆవిడ మామూలు మనిషయిపోయినట్టే." పక్క హోటల్లోంచి రెండు టీలు తెప్పించాడు. వద్దనడం బాగుండదని ఆశీర్వాదం తాగాడు. ఆ నవ్వు వింటుంటే లోపల ఎక్కడో కొంచెం వెచ్చగా అయింది. నిజమే కదా, మాట వచ్చింది. ఇవాళ ఒకటి వచ్చింది, రేపు రెండోది వస్తుంది. ఇంటికి వెళ్ళగానే ముందు ఆ సంగతే అడగాలి. ఏది కాదు? మందుసీసా కాదా, మీసం కాదా? మీసమే అయుంటుంది. "మీకు మీసమెక్కడిదండీ" అని ఉంటుంది. దారిలో బండి దగ్గర ఆగి, ఆమె నమలగలిగేటట్టు బాగా మగ్గిన సపోటాలు నాలుగు ఏరి తీసుకున్నాడు. బ్రిడ్జి మీద పాసింజరు వెళ్తున్న చప్పుడు వినిపించింది. శ్రీసుధకి బండి అందిందన్నమాట అనుకున్నాడు.

సందు మొగలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. సైకిలు చూసి పక్కకి తప్పుకున్నారు గానీ ఎవరూ పలకరించలేదు. గుమ్మంలో సూరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది.

"కాఫీ కలుపుకొద్దామని వెళ్ళానండీ అన్నయ్యగారూ. అయిదంటే అయిదు నిమిషాలు. వచ్చి చూస్తే నిద్రపోతందనుకున్నాను..."

ఆశీర్వాదం సైకిలుకి స్టాండు వేశాడు. చెప్పులు విడిచాడు. లోపలికి వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాడు. సంపూర్ణమ్మ వెల్లకిలా ఉంది, మొహం గోడవైపు తిరిగి ఉంది. మూతి పక్కన ఎప్పుడూ ఉండే తడి ఇప్పుడు లేదు. అతను బయటినుంచి వచ్చేసరికి ఆమె కళ్ళు అతని మొహం మీద లేకపోవడం ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి.

ఎవరో వెళ్ళి పాస్టరుగారికి చెప్పారు. చర్చి గంట నెమ్మదిగా మోగింది. సంఘపెద్ద జీవరాజుగారు వచ్చి అతని పక్కన నిలబడి కాసేపు ప్రార్థన చేసి, తరువాత ఇబ్బందిపడుతూ గొంతు సవరించుకున్నారు. ఆ సంఘంలో ఎవరు పోయినా శిలువ మీద పేరు రాసేది ఆశీర్వాదమే.

"శిలువ మీద పేరు... ఇంకెవరిచేతైనా రాయించమంటారా?"

"అక్కర్లేదండి, నేనే రాస్తాను" అన్నాడు ఆశీర్వాదం. అనేలోపే అతని మనసు అడ్డుచెక్కని కొలిచేసింది. నాలుగు అక్షరాలు. ర్ణకీ మ్మకీ కింద వత్తులున్నాయి గనక గీత కాస్త పైకి గియ్యాలి. పూ దీర్ఘం పక్క అక్షరానికి తగలకూడదు. ఇంత లెక్కా ఎక్కడా తడబడకుండా సాగిపోతుంటే, నేను మనిషినేనా అనుకున్నాడు.

చర్చి ఆడవాళ్ళు స్నానం చేయించడానికి నీళ్ళు కాచుకుని వచ్చారు. మంచం మీదినుంచి ఎత్తబోతూ సూరమ్మ ఆగి, సంపూర్ణమ్మ ఎడమచేతి కిందనుంచి ఒక కాగితం లాగింది.

"చెప్పడం మర్చిపోయానండి. మీరెళ్ళాక గోడకేసి చెయ్యి చాపుతానే ఉంది వదిన. ఏం కావాలొదినా, ఏం కావాలని అన్నీ చూపించాను. కింద పడున్న ఈ కాయితం చూపిస్తే ఊ అంది. మీ పెన్సిలు చేతిలో పెడితే ఎడంచేత్తో ఏదో గీకుతానే ఉందండి పాపం, చాలాసేపు."

అది రఫ్ కాగితం. ఏ బొమ్మైనా చార్టు మీద వేసేముందు అతను పాత క్యాలెండరు వెనక ఒకసారి గీసి చూసుకుంటాడు. లుక్ ఆఫ్టర్ రఫ్ అది. మంచం, మంచం మీద ఆడమనిషి, స్టూలు మీద మీసాలాయన, ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో చెంచా. అన్నీ అతను గీసినవే. మీసాలాయన భుజం దగ్గరనుంచి మాత్రం ఒక కొత్త గీత బయల్దేరింది. చాలా వంకరగా, మధ్యమధ్యలో తెగుతూ, మళ్ళీ పట్టుకుంటూ మంచం దాకా వచ్చింది. దాని పక్కనే ఇంకో గీత. రెండూ కలిసి ఒక చెయ్యి. రెండు చేతులూ పనిలో ఉన్న మనిషికి సంపూర్ణమ్మ మూడో చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసుకొచ్చి మంచం మీది మనిషి నుదుటి మీద పెట్టింది.

ఆశీర్వాదం కాగితాన్ని దూరంగా పెట్టి చూశాడు. అది లేకపోతే అన్నం పెట్టే బొమ్మే. అది ఉంటేనే చూసుకోవడం. ఆమెదే ఒప్పు. ఎనిమిది నెలల్లో తన చేతులు ఆమెను ఎన్నిసార్లు తాకాయో లెక్కలేదు. తిప్పాయి, తుడిచాయి, అద్దాయి, దువ్వాయి. ప్రతిసారీ మధ్యలో ఒక గుడ్డో, దువ్వెనో, చెంచానో ఉంది. ఊరికే, ఏ పనీ లేకుండా, ఒక్కసారి కూడా ఆ నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు. ఒక మాట మాట్లాడవే అని ఆమెను రోజూ అడిగాడు. ఆమె ఏం అడుగుతోందో చూడలేదు. అతనికి సిగ్గేసింది. ఆ వెనకే, ఆమె కాదన్నప్పటినుంచీ ఎక్కడా కదలనిది ఏదో ఒక్కసారిగా కదిలింది.

కాగితం మంచం మీద పెట్టి ముందుకి వంగి చెయ్యి చాచాడు. అప్పటికే ఆడవాళ్ళు ఆమెను ఎత్తుకుని వెనకగదిలోకి తీసుకెళ్తున్నారు. "మీరు బయట కూర్చోండి అన్నయ్యగారూ" అంటూ సూరమ్మ తలుపు దగ్గరగా వేసింది. లోపల బకెట్టులో నీళ్ళు వంచుతున్న చప్పుడు మొదలైంది.

నవారు మధ్యలో మనిషి పడుకున్నంత పల్లం అలాగే ఉంది. ఫ్యాను గాలికి క్యాలెండరు కాగితం ఆ పల్లంలోకి జారి ఆగింది. మూడో చేతికి సంపూర్ణమ్మ ఆరు వేళ్ళు వేసింది.